జిగురు వాసనలో నొక్కిన సున్నా

మా చెల్లెలి ముక్కు గురించి నేను చెప్పేవాటిలో నూటికి తొంభై కోతలే. మూడు వీధుల అవతల పాలు విరిగితే మంచం దిగకుండా చెబుతుందని పెళ్లివారి ముందే కోశాను. ఇది మాత్రం మిగతా పదిలోది.

పంతొమ్మిదేళ్లుగా బూట్ల కార్ఖానాలో సోల్ అంటించడం తన పని. ఏడాదిగా మధ్యాహ్నానికల్లా జిగురు ఆవిరికి తల దిమ్మెక్కిపోతోందని మొత్తుకుంటోంది. ఒకరోజు పక్క బల్ల ఆవిడ కూర్చున్నచోటే ఒరిగిపోయింది. "పొద్దున ఏమీ తినకుండా వస్తే ఇంతే," అన్నాడు మేస్త్రీ.

దానిమీద గొడవయ్యాక యజమాని గోడకు గాలిలో ఆవిరి కొలిచే పెట్టె ఒకటి పెట్టించాడు. అందులో చిన్న బిళ్ల, దాని మీద జింక్ ఆక్సైడ్ పుల్లలు గడ్డిలా నిలబడి ఉంటాయి. ఒక్కోటి వెంట్రుకలో వెయ్యోవంతు మందం. వేడెక్కిన ఆ పుల్లలకు జిగురు ఆవిరి తగిలితే వాటిగుండా కరెంటు తేలిగ్గా పారుతుంది, అంకె పెరుగుతుంది. ఇది కోత కాదు, పెట్టెతో వచ్చిన కాగితంలో ఉంది.

అంకె కదల్లేదు. ఎప్పుడూ పచ్చలైటే.

"చూశావా అక్కా, యంత్రానికి తెలియని వాసన నీకెలా తెలిసింది? ఇంకోసారి ఈ మాటెత్తావో, గేటు బయటే," అన్నాడు మేస్త్రీ.

"నాకే పిచ్చేమో అన్నయ్యా," అంది చెల్లెలు ఇంటికొచ్చి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ పెట్టెను ఎవరు ముట్టుకుంటారు?"

"మేస్త్రీయే. రోజూ పొద్దున సున్నా మీట నొక్కుతాడు."

"ఎప్పుడు?"

"మేం జిగురు డబ్బాలు తెరిచాక. అప్పటిదాకా ఆయనగారి టీ అవదుగా!"

సున్నా నొక్కినప్పటి గాలినే పెట్టె మంచి గాలిగా లెక్కేసుకుంటుంది, అందుకే మంచి గాలిలోనే నొక్కాలని కాగితంలో ఉంది. వీడు రోజూ ఆ విషాన్నే మంచి గాలి అని పెట్టెకు నేర్పుతున్నాడు! తాగినవాణ్ణి నిలబెట్టి, వాడి తూలుడే తిన్నగా నిలబడటమని రాసుకున్నట్టు.

మర్నాడు చెల్లెలు అందరికంటే ముందు వెళ్లి, పెట్టెను గోడ నుంచి తీసి, పొడవాటి కరెంటు వైరుతో బయట వాకిట్లో పెట్టింది. అరగంట వేడెక్కనిచ్చి సున్నా నొక్కింది. డబ్బాలు తెరిచాక లోపలికి తెచ్చింది. తన బల్ల చేరకముందే ఎర్రలైటు, చెవులు చిల్లులు పడే కూత.

"చెడిపోయింది సార్," అన్నాడు మేస్త్రీ, పరిగెత్తుకొచ్చిన యజమానితో.

చెల్లెలు పెట్టెను బయటికి తీసుకెళ్లింది. కాసేపటికి కూత ఆగింది. లోపలికి తెచ్చింది. మళ్లీ కూత.

"ముందు దాన్ని ఆపమ్మా, సరుకు కొనేవాళ్లు వస్తున్నారు," అన్నాడు యజమాని పెద్దమనిషి!

ఆ మాటకు పనివాళ్లు నలభై ఇద్దరూ డబ్బాలకు మూతలు బిగించి వాకిట్లోకి నడిచారు. మధ్యాహ్నానికల్లా మేకులు కొట్టి మూసిన కిటికీలను యజమాని తెరిపించాడు, గోడ పగలగొట్టించి పెద్ద ఫ్యాను బిగించే పని మొదలెట్టించాడు.

"ఇంత తెలిసినదానివి, ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు యజమాని.

"ఏడాదిగా చెబుతూనే ఉన్నా సార్. మీరు పెట్టెను అడిగారు."

ఆయన ఫ్యాను బిగించేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. మేస్త్రీ ఇప్పటికీ మేస్త్రీయే. చెల్లెలికి క్షమాపణ చెప్పినవాడు ఈ రోజుదాకా ఒక్కడూ లేడు.