బొంబాయి కాసు

కృష్ణమూర్తికి పూనకం వచ్చేది దేవుడి ముందు కాదు, పాత నాణేల ముందు. పిస్కాటవేలో మందుల కంపెనీ కెమిస్టుగా చేరిన నాటినుంచి, న్యూజెర్సీలో ఎక్కడ కాయిన్ షో జరిగినా భూతద్దంతో హాజరు. అతని చెక్కపెట్టెలో పదమూడు గుంటలు. పన్నెండింటిలో ఇంగ్లండు సవరన్లు, అంటే బంగారు కాసులు, పదమూడోది ఖాళీ. 1918లో, ఆ ఒక్క ఏడే, బొంబాయిలో సవరన్లు ముద్రించారు. ఒకవైపు జార్జి రాజు, రెండోవైపు గుర్రం మీద వీరుడు, తేదీకి పైన ఇండియా గుర్తుగా ఆవగింజంత ఇంగ్లీషు 'ఐ' అక్షరం. ఆ అక్షరం కోసం ఏడేళ్లుగా అతని కళ్లు కాయలు కాచాయి.

1983 శ్రావణంలో స్నేహితుడు జగదీష్ ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. కాకినాడ నుంచి వచ్చిన జగదీష్ తల్లి రాజేశ్వరమ్మ తన కాసులపేరు కలశానికి వేసింది. దణ్ణం పెట్టబోయిన కృష్ణమూర్తి అక్కడే మోకాళ్లమీద కూలబడి, జేబులోంచి భూతద్దం తీశాడు.

"ఏవండీ, అమ్మవారిని అలాగేనా చూడ్డం?" భార్య శాంతి సిగ్గుతో చచ్చిపోయింది.

అతనికి వినబడితేగా! గుర్రం వైపు తిరిగిన ఒక కాసు మీద 'ఐ' కనిపించింది. వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

"పిన్నిగారూ, ఇది నాకివ్వండి. బదులు విక్టోరియా రాణి కాసు ఇస్తాను, అదే బరువు."

"మా అత్తగారి కాసులపేరు బాబూ ఇది, ఒక్క కాసు తగ్గకూడదు. కాసుకి కాసు పెడితే నాకేం? దండలో గుచ్చడానికి దానికీ రింగు అతికించి తే. రేపు కలశం కదిపేదాకా మాత్రం దీన్ని ముట్టుకోకు."

రింగు అతికిన నాణేన్ని కాయిన్ షోలో ఎవరూ కన్నెత్తి చూడరు. విక్టోరియా రాణి అతని పెట్టెకే మహారాణి. వేలిముద్ర కూడా పడనివ్వలేదు.

"మచ్చలేనిది ఇచ్చి అతుకులది తెచ్చుకుంటారా?" అంది శాంతి.

మర్నాడు పొద్దున్నే రాణి కాసుతో, మనవాళ్ల నగల కొట్లుండే జాక్సన్ హైట్స్‌లో కంసాలి దగ్గరికి డ్రైవ్ చేశాడు. రింగు అతుకుతూ రాణికి మంట తగిలించినప్పుడు కళ్లు మూసుకున్నాడు. సాయంత్రానికి రాణి కాసులపేరులో చేరింది. రాజేశ్వరమ్మ బొంబాయి కాసుని కుంకుడు రసంతో తళతళా తోమి మరీ చేతిలో పెట్టింది. నాణేన్ని తోమడం మహాపాపమని ఊరంతా చెప్పే మనిషి, పసిపిల్లాడిలా నవ్వాడు.

ఇంటికొచ్చి చూస్తే రింగు అడ్డుపడి కాసు గుంటలో పట్టలేదు.

"రింగు కట్ చేయించండి," అంది శాంతి.

"లండన్ కాసులకి ఈ రింగు లేదుగా," అంటూ కృష్ణమూర్తి చాకు తీసుకుని గుంటని చెక్కడం మొదలుపెట్టాడు.