కర్రి మీద వేసిన నింద

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే, ఒక్క మాట. దాన్ని దించుకునే చోటు ఈ ఏడేళ్లలో నాకు దొరకలేదు. దొరకలేదనడం కూడా నిజం కాదు. నేను వెతకలేదు.

ఇంట్లో చెప్పలేదు. మా పాస్టరు గారికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, ప్రభువు క్షమించేశాడు, ఇక మరిచిపో అంటారు. తర్వాత టీ తాగి పొమ్మంటారు. అంత సులువుగా దొరికే క్షమాపణ నాకు వద్దు. దాన్ని తీసుకుని నేనేం చేసుకోను? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఒకటే కోరిక, జాలి పడకండి. జాలిపడేలా ఉంటే ఇక్కడే ఆపేయండి.

నేను గండికోటలో, పెన్న లోయకు కాస్త ఇవతల, గుడారాలు అద్దెకిచ్చే ఒక క్యాంపులో పనిచేస్తాను. అంతకుముందు ఎర్రగుంట్లలో లారీలకు సిమెంటు మూటలు ఎత్తేవాణ్ణి. ఊపిరాడక ఆ పని మానేశాను. ఇక్కడ గాలికేం కొరత లేదు. గుడారాలు పాతడం, పరుపులు దులపడం, పొద్దున్నే కాఫీ అందించడం, సాయంత్రం చలిమంట వేయడం నా పని. మనుషులకు చేసేదే కాబట్టి ఇబ్బంది లేదు. ఇలా ఉండగా మా ఓనరుకు కొత్త బుద్ధి పుట్టింది. కుక్కలతో కూడా రావచ్చని బోర్డు పెట్టించాడు.

వచ్చాయండీ కుక్కలు. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి, ఏసీ కార్లలో, కిటికీలోంచి నాలుక బయటపెట్టి. చొక్కా తొడిగిన కుక్క, కళ్లజోడు పెట్టిన కుక్క, పుట్టినరోజు కేకు కోయించుకున్న కుక్క. వాటికి చికెన్ ఉప్పు లేకుండా ఉడికించి, ఎముకలు ఏరి, చల్లార్చి పెట్టాలి. నా కూతురు పదో తరగతి పరీక్షలు రాసినప్పుడు కూడా నేను అంత శ్రద్ధగా అన్నం కలిపి పెట్టలేదు. కుక్క బయటికి పోతే ఆ పెంటను రంగు సంచిలోకి ఎత్తి, మూతి ముడివేసి, పెళ్లిలో తాంబూలం ఇచ్చినట్టు నా చేతిలో పెట్టేవాళ్లు. "థాంక్యూ అంకుల్" అనేవాళ్లు. నేను నవ్వేవాణ్ణి. పక్కకు తిరిగి ఉమ్మేవాణ్ణి.

"డాడీ దగ్గరికి వెళ్లు నాన్నా, మమ్మీకి పని ఉంది" అని ఒకావిడ కుక్కతో అంటుంటే, సాంబారు బకెట్టు పట్టుకుని నిలబడి విన్నాను. ఆ డాడీకి ముప్పై ఏళ్లుంటాయి. సొంత తండ్రిని అంత ముద్దుగా ఎప్పుడైనా పలకరించి ఉంటాడా అనుకున్నాను. నాకు వాళ్లంటే అసహ్యం. ఇప్పటికీ అసహ్యమే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నేను చేసింది భయంతో చేసింది కాదు, పొరపాటునా కాదు. చిన్నచూపుతో చేశాను. మొదట వాళ్ల మీద. తర్వాత, ఇంకా ఎక్కువగా, నాకంటే తక్కువవాడి మీద.

ఆ తక్కువవాడి పేరు ఈరన్న. గొర్రెల కాపరి. కోడుమూరు దిక్కు మనిషి. అక్కడ మేత అయిపోగానే మందను తోలుకుని, భార్య సుంకమ్మతో ఏటా మా వైపు వస్తాడు. క్యాంపు వెనక గుట్ట దిగితే వాళ్ల మకాం. పెద్ద గొర్రెల్ని ఇద్దరూ మేతకు తోలుకుపోతే, నడవలేని గొర్రెపిల్లలు ముళ్లకంప దొడ్డిలో ఉండేవి. వాటికి కాపలా ఒక్కటే కుక్క, కర్రి. నల్లగా, బక్కగా, ఒక చెవి చిరిగి ఉండేది. దానికి చొక్కా లేదు, కేకు లేదు. రాగిసంగటి ముద్ద తిని రోజంతా దొడ్డి చుట్టూ తిరిగేది. దాన్ని నమ్మి వాళ్లిద్దరూ ఆమడ దూరం పోయేవాళ్లు. నేను ఎప్పుడైనా మిగిలిన అన్నం వేస్తే తోక ఊపేది గానీ, దొడ్డి వదిలి పది అడుగులు కూడా వచ్చేది కాదు.

శివరాత్రికి కొన్నాళ్ల ముందు ఒక జంట వచ్చింది. వాళ్ల కుక్క పేరు స్నోవీ. మంచుదేశాల జాతి, ఒళ్లంతా బొచ్చు, నీలం కళ్లు. దాన్ని కడప ఎండలోకి తెచ్చారు. తెచ్చి, పాపం వేడి అని బ్యాటరీ ఫ్యాను పెట్టారు. మా ముళ్లు గుచ్చుకోకుండా నాలుగు కాళ్లకూ గుడ్డ బూట్లు తొడిగారు. మర్నాడు పొద్దున పది గంటలప్పుడు పడవ షికారుకు బయల్దేరారు. పడవలో కుక్కల్ని ఎక్కించుకోరట. నన్ను పిలిచి, దాన్ని గుడారం నీడలో కట్టేసి, కాసేపు చూసుకోమన్నారు.

చూసుకున్నాను. అది ఫ్యాను ముందు పడుకుని కుయ్‌కుయ్‌మంటోంది. దాన్ని చూస్తుంటే ఒళ్లు మండింది. ఈ మహారాజు మా రాళ్లలో నాలుగడుగులు వేస్తే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. కాళ్లు ఎత్తెత్తి కుంటుతుంటే నవ్వుకోవాలనిపించింది. అంతే. అంతకుమించి కారణమేదైనా ఉందా అని ఏడేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను, ఆకలి వేసి ఉంటుందని, మూత్రానికి పోవాలేమోనని, గొలుసు బిగిసిందేమోనని రకరకాలుగా అల్లుకుని చూశాను, ఏదీ నిలబడలేదు. బూట్లు విప్పాను. గొలుసు తీశాను.

అది కుంటలేదు. ఒక్కసారి గాలి పీల్చింది, గుట్ట వైపు పరుగెత్తింది. నేను వెనకాలే పరుగెత్తాను. నా ఊపిరితిత్తుల సంగతి చెప్పాను కదా. గుట్ట ఎక్కి చూసేసరికి స్నోవీ దొడ్డిలో ఉంది. కర్రి దాని మీద పడి కొట్లాడుతోంది. చివరికి స్నోవీ బయటికి వచ్చింది, ఆట ఆడుకుని వచ్చినట్టు తోక ఊపుకుంటూ. దొడ్డిలో మూడు పిల్లలు చచ్చి పడి ఉన్నాయి. కర్రి మూతికి నెత్తురు అంటింది. చచ్చిన పిల్లల్ని నాకుతోంది, మూతితో నెట్టి లేపబోతోంది.

నేనేం చేశానో తెలుసా? స్నోవీని లాక్కొచ్చి స్నానం చేయించాను. వాళ్లే తెచ్చుకున్న షాంపూతో. రొమ్ము మీది ఎర్రమరకలు పోయేదాకా రుద్దాను. బూట్లు తొడిగాను. ఫ్యాను ముందు కట్టేశాను. ఆ జంట తిరిగొచ్చి ఎంత మురిసిపోయారో! "అంకుల్ మీరు సూపర్" అని నన్నూ కుక్కనూ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. భోంచేసి వెళ్లిపోయారు.

వాళ్ల కారు పోయాక ఈరన్న వచ్చాడు. చేతిలో చచ్చిన పిల్ల ఒకటి. ఏడవడం లేదు. మొహం మాత్రం మట్టిలా ఉంది.

"అప్పా, నువ్వు ఈడనే ఉండావు గదా. ఏమన్నా చూసినావా?"

నేను వాళ్లు పడుకున్న పరుపు దులుపుతున్నాను.

"కర్రి మూతికంతా నెత్తురుండాది. సుంకి అదే చేసిందంటాది. నాకు నమ్మబుద్ధి కాలే. నా చేత పెరిగింది గదప్పా అది. నువ్వు ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషివి. అబద్ధమాడవు. నువ్వేం చెప్తే అదే. యా కుక్కప్పా?"

"నీ కుక్కనే" అన్నాను.

"నీ కండ్లతో చూసినావా?"

"చూసినా."

తల ఊపాడు. చాలాసేపు ఊపాడు. చేతిలోని పిల్లను చూసుకుని, "సరేలేప్పా, చెప్పి మంచిపని చేసినావు" అని వెళ్లిపోయాడు.

గొర్రె నెత్తురు రుచి చూసిన కుక్కను కాపరులు మందలో ఉంచుకోరు. వేరేవాళ్లకూ ఇవ్వరు. అది నాకు తెలుసు. ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ణి, తెలియకేం? తెలిసే చెప్పాను. కాసేపటికి ఈరన్న కర్రి మెడకు తాడు కట్టి లోయ వైపు నడిపించుకుపోవడం గుడారాల దగ్గర నుంచి చూశాను. అది ఎప్పటిలాగే అతని పక్కనే నడిచింది. పొద్దు వాలకముందే ఈరన్న ఒక్కడే వచ్చాడు, తాడు చేతికి చుట్టుకుని.

తోడేలని చెప్పి ఉండొచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ నన్ను అదే అడిగాను. మా వైపు తోడేళ్లున్నాయి. అతను నమ్మేవాడు, కర్రి బతికేది. కానీ పట్టపగలు గుట్ట దాకా తోడేలు వచ్చిందంటే ఆ మాట ఊరంతా పాకుతుంది, క్యాంపుకు ఎవరూ రారు. కర్రి అయితే ఏ గొడవా లేదు. ఒక ఊరకుక్క, ఒక గొర్రెలోడు. ఎవరు అడుగుతారు? నోరు తెరిచే ముందు ఆ ఒక్క క్షణంలో ఇదంతా ఆలోచించాను. నా బుర్ర అంత చురుగ్గా ఏ మంచిపనికీ పనిచేసిన గుర్తు లేదు.

తర్వాతి ఏడాది ఈరన్న మళ్లీ వచ్చాడు. నాకోసం ఒక కంబళి తెచ్చాడు, సొంత గొర్రెల బొచ్చుతో నేయించింది. నిజం చెప్పినందుకట. తీసుకున్నాను. వద్దనడానికి కారణం చెప్పాలి కదా. కొత్త కుక్కను తెచ్చుకున్నాడు గానీ దాన్ని గుంజకు కట్టేసే ఉంచుతాడు. ఇక ఏ కుక్కనూ నమ్మనన్నాడు. పిల్లల దగ్గర ఇప్పుడు సుంకమ్మ కూర్చుంటుంది. నెత్తిన కొంగు వేసుకుని, రోజంతా ఎండలో. అతనొక్కడే మందంతా తోలలేక, సగానికి సగం గొర్రెల్ని అమ్మేశాడు. అప్పటి నుంచీ అలాగే. ఏటా నన్ను చూడగానే దండం పెడతాడు. ఏటా నేను తిరిగి పెడతాను.

ఈ ఏడు వచ్చినప్పుడు, టీ తాగుతూ, ఉన్నట్టుండి అన్నాడు. "ఆ పొద్దు తాడు విప్పేటప్పుడు కర్రి మెడ కింద చూసినానప్పా. పండ్లు దిగిన గాట్లు ఉండాయి. ఎవురికీ చెప్పలే. గొర్రెపిల్ల కరుస్తాదా?"

అతను నన్ను అనుమానించి అడగలేదు. అలా అడిగి ఉంటే బాగుండేది. చర్చికి పోయే మనిషిని, నమ్మి అడిగాడు. ఏడేళ్లు తనలోనే పెట్టుకుని, చివరికి నా దగ్గరికి తెచ్చాడు. నాకు ఇంకో అవకాశం అదే.

"ఏమోనప్పా" అన్నాను.

టీ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు. అందుకే రాస్తున్నాను. ఈరన్నకు చదువు రాదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నానంటే, నేను ఎలాంటివాణ్ణో మీకే అర్థమవుతుంది. కుక్కను బిడ్డా అని పిలిచేవాళ్లను చూసి ఉమ్మేవాణ్ణి నేను. వాళ్లు ఆ కుక్కనైనా నిజంగా ప్రేమించారు. నేను ఎవరిని ప్రేమించాను?

ఇంకొకటి ఉంది. పైన దాటేశాను. రాసేటప్పుడు కూడా చెయ్యి దాన్ని తప్పించుకుని పోయింది.

నేను గుట్ట ఎక్కేసరికి చచ్చింది మూడు పిల్లలు కాదు, ఒక్కటే. కర్రి అప్పటికే స్నోవీని కింద పడేసి, మెడ పట్టుకుని అదిమి పెట్టింది. తన మెడకు గాటు పడినా వదల్లేదు. బక్క కుక్క, దానికి రెండింతలున్న కుక్కను. ఇంకొంచెం సేపు ఆగితే స్నోవీ తోక ముడిచి పారిపోయేది. ఆ మిగిలిన రెండు పిల్లలూ బతికేవి. కర్రి గెలిచింది. నాకేమో స్నోవీ మెడ మీద గాటు పడితే వాళ్లకేం చెప్పాలన్నదే కనిపించింది. రాయి తీసుకున్నాను. కర్రిని కొట్టాను. తగిలింది. అది పట్టు వదిలి నా వైపు చూసింది. అన్నం వేసిన మనిషినే కదా. అరవలేదు, నా మీదికి రాలేదు. ఆ చూసిన కాసేపట్లోనే వెనకాల స్నోవీ నోట మిగతా రెండూ అయిపోయాయి.

ఈరన్నా, కర్రి ఏ తప్పూ చేయలేదు. దానికి అడ్డం పడింది నేను. నీకు ఎదురుగా నిలబడి ఈ మాట అంటానో లేదో తెలియదు, నన్ను నేను నమ్మను. కానీ ఏడేళ్లలో మొదటిసారి, ఒక్క మాట కూడా మార్చకుండా ఉన్నదున్నట్టు చెప్పాను.