లంగరు మీద యాభై డాలర్లు

బెర్ముడాలో నీలం టోపీల సెయింట్ జార్జెస్‌కీ ఎర్ర టోపీల సోమర్‌సెట్‌కీ ఏటా రెండు రోజులు జరిగే కప్ మ్యాచ్ వచ్చిందంటే సెయింట్ జార్జెస్ మైదానంలో క్రికెట్ చూసేవాళ్ళు సగమైతే, డేరాల కింద కిరీటం-లంగరు అనే పాచికల జూదం బల్లల చుట్టూ మూగేవాళ్ళు సగం. ఏడాది పొడుగునా హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేసే వెర్నెల్ ఫర్బర్ట్ ఆ ఏడు సొంతంగా బల్ల పెట్టింది. ఎందుకంటారా? ఇరవై రెండేళ్ళ కిందట వాళ్ళ నాన్న ఎల్డన్ పోగొట్టుకున్న చేపల పడవ కోసం. ఆ పడవ సోమర్‌సెట్ మేస్త్రీ డిల్ దగ్గరుంది. ఆరు వేలిస్తే ఇచ్చేస్తానన్నాడు. వెర్నెల్ దగ్గరున్నవి నాలుగు వేలు.

ఆట తేలికే. గుడ్డ మీద ఆరు గళ్ళు: కిరీటం, లంగరు, ఇస్పేటు, ఆఠీను, డైమండు, కళావరు. అవే బొమ్మలున్న పాచికలు మూడు. పందెం కాసిన బొమ్మ ఎన్ని పాచికల మీద పడితే బల్లవాడు అన్ని రెట్లు ఇవ్వాలి. ఆరు గళ్ళ మీదా ఒక్కో డాలరు ఉందనుకోండి. మూడు వేర్వేరు బొమ్మలు పడితే వచ్చిన డబ్బంతా పంచేయాల్సిందే. జంట పడితే మాత్రం ఒక డాలరు బల్లకి మిగులుతుంది. ఆ ఒక్క డాలరు ఎవరి కంటికీ ఆనదు. దాన్ని నమ్ముకునే ఎల్డన్ ముప్పై ఏళ్ళు బల్ల నడిపాడు. కానీ బల్లవాడు పందెం కాదంటే అక్కడ తలవంపులు. అందులోనూ ఎర్ర టోపీ సోమర్‌సెట్ వాడు సవాలు చేస్తే నీలం టోపీ వాడు వెనక్కి తగ్గుతాడా! ఆ పౌరుషంతోనే డిల్ పెట్టిన కొండంత పందేన్ని ఎల్డన్ ఒప్పుకున్నాడు. ఒక్క విసురుకి పడవ పోయింది.

అందుకే వెర్నెల్ అట్టముక్క మీద రాసి వేలాడదీసింది: గడికి యాభై, ఆపైన లేదు. ఊరంతా నవ్వింది. "ఇదేం బల్లే వెర్నెల్, బడిపిల్లల కోసమా?" అన్నారు. "పిల్లలైనా పెద్దలైనా రండి, వెయ్యండి!" అని వెర్నెల్ గొంతు చించుకుంటూ పాచికల డబ్బా ఆడించింది.

రెండో రోజు మధ్యాహ్నం ఎర్ర టోపీ పెట్టుకుని డిల్ రానే వచ్చాడు. పడవ తాళం తీసి లంగరు గడి మీద ఠపీమని పెట్టాడు.

"ఒకే ఒక్క విసురు, అమ్మాయ్. లంగరు పడిందా, నీ నాలుగు వేలూ నావి. పడలేదా, పడవ నీది!"

జనం గోల గోల! వెనక కుర్చీలో ఆల్చిప్పల మాంసం కూరిన 'మస్సెల్ పై' రొట్టె తింటున్న ఎల్డన్ లేచి నిలబడ్డాడు. "ఒప్పుకో తల్లీ! మన పరువు!"

పదిసార్లు విసిరితే దాదాపు ఆరుసార్లు లంగరు పడదని వెర్నెల్‌కి తెలుసు. పడవ చేతికందేంత దూరంలో ఉంది.

"గెలుపు మనవైపే ఉంది నాన్నా, కాదనను. కానీ అది చేతికి రావాలంటే వందల విసుర్లు కావాలి. ఒక్కదానికే గల్లా ఖాళీ అయితే రెండోది ఎవరు వేస్తారు?" తాళం వెనక్కి నెట్టింది. "యాభై పెట్టండి డిల్ గారూ."

"పిరికిదానా!" అని నవ్వుతూ డిల్ యాభై పెట్టాడు. డబ్బా ఎత్తింది. లంగరు, లంగరు, కళావరు!

డేరా దద్దరిల్లింది. వెర్నెల్ వంద డాలర్లు లెక్కపెట్టి ఇచ్చింది. పోయింది వందే! నాలుగు వేలు కాదు. ఎల్డన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కాసేపటికి ఆయనే అట్టముక్క తీసి తలపైకెత్తి అరిచాడు. "యాభై! ఆపైన పెట్టేవాడు ఈ బల్ల దగ్గరికి రావద్దు!"

గెలిచిన రుచి మరిగి డిల్ కదల్లేదు. అతన్ని చూసి జనం ఎగబడ్డారు. ఆట ముగిసేదాకా గళ్ళు నిండుతూనే ఉన్నాయి, జంట జంటకీ గల్లా ఇంత ఇంత పెరుగుతూనే ఉంది. ఆఖరి ఓవరు అయ్యేసరికి ఆరు వేల నలభై!

వెర్నెల్ ఆరు వేలూ కట్ట కట్టి లంగరు గడి మీద పెట్టింది.

డిల్ ఖాళీ జేబులు తడుముకుంటూ ఎగతాళి చేశాడు. "యాభై పైన లేదన్నావుగా?"

"అది పందేనికి. ఇది పడవకి. తాళం ఇటివ్వండి."

ఎల్డన్ నీలం టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.