లేని నంబరు

నాటకశాలలకు తెరలు కుట్టే ఆమెను వీధిలో అందరూ తెరలక్క అంటారు. భర్త పోయాక మరిదిని సాయం పెట్టుకుని కుట్టు కార్ఖానా నడుపుతోంది. బరువైన మఖ్మల్ ఎక్కడ పిగులుతుందో ఆమె వేళ్ళకు తెలుసు. బ్యాంకంటే మాత్రం ఆమడ దూరం.

పరాయి దేశపు నాటకశాల ఒకటి పెద్ద తెర కుట్టించుకుంది. సరుకు చేరాక, డబ్బు పంపడానికి అంతర్జాతీయ ఖాతా నంబరు కావాలని కబురు చేసింది.

"వాళ్ళ నంబర్లు పొడుగ్గా ఉంటాయి వదినా. మన నంబరు ముందు దేశం అక్షరాలు రెండు తగిలించి, నాలుగు సున్నాలు పెడితే సరి," అన్నాడు మరిది.

"నీకు తెలుసా?"

"తెలియకపోతే చెప్తానా?"

అలాగే రాసి పంపితే, నంబరు చెల్లదని జవాబొచ్చింది. తెరలక్క బ్యాంకుకు పరుగెత్తింది.

"ఆ నంబరు మన దగ్గర ఉండదమ్మా," అన్నాడు కౌంటర్లో గుమస్తా, తలెత్తకుండానే.

ఆ మాటే నాటకశాలకు రాయిస్తే, ఆ నంబరు లేనిదే తమ ఫారం కదలదన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుడ్డకు రంగేసిన అద్దకంవాడు చూస్తే బాకీ కోసం రోజూ గుమ్మంలో కూర్చుంటున్నాడు.

ఈసారి నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళి కూర్చుని, సున్నాల సంగతితో సహా అంతా చెప్పింది. "లేదని చెప్పకండి సార్, అది విన్నాను. ఎందుకు లేదో చెప్పండి."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "డబ్బు నడిచే దారి దేశానికొకటమ్మా. కొన్ని దేశాలు కలిసి ఆ పొడుగు నంబరు పద్ధతి పెట్టుకున్నాయి. ఆ ఒక్క నంబర్లోనే దేశం, బ్యాంకు, ఖాతా అన్నీ ఉంటాయి. తప్పు రాస్తే పట్టేయడానికి అక్షరాల పక్కన రెండంకెలుంటాయి. మీ సున్నాలు అక్కడే దొరికిపోయాయి. మన దేశం అందులో చేరలేదు. మనకి ఖాతా నంబరు, బ్యాంకు కోడ్ చాలు. ఫారంలో ముందు మన దేశం ఎంచుకోమనండి, ఆ నంబరు అడగదు."

"ఈ ముక్క మొదటి రోజే చెప్తే మీ సొమ్మేం పోయేది సార్?"

ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు.

డబ్బొచ్చింది, కొంత తరుగుతో. మధ్యలో డబ్బు దాటించిన బ్యాంకేదో తన రుసుము పట్టుకుందట. అడగడానికి చెప్పులేసుకున్న తెరలక్క, ఆ కౌంటరు గుర్తొచ్చి విప్పేసింది.

"పోనీలే వదినా, వచ్చిందిగా."

"ఎంత కోస్తారో ముందు చెప్పాలా వద్దా? అడక్కుండా నేనెవరి గుడ్డయినా కోశానా?"

ఆమె కత్తెర తీసుకుని లోపలికి వెళ్ళింది.