ట్రంపెట్ మాస్టరు అంతయ్య

నల్గొండ పల్లె నుంచి వచ్చి సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో బల్లలు తుడిచే పనికి కుదిరిన అంతయ్య, అక్కడ జాజ్ వాయించే గోవా మాస్టరు దగ్గర ట్రంపెట్ నేర్చాడు. పద్దెనిమిదేళ్ళు ఆ బృందంలో వాయించాడు. క్లబ్బువాళ్ళు క్యాసెట్లు పెట్టుకుని బృందాన్ని మానిపించాక దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్ళిబ్యాండులో చేరాడు.

బరాత్ ఊరేగింపులో జాజ్ ఎవరిక్కావాలి? సినిమా పాట మధ్యలో రాగాన్ని కాస్త తన దారికి తిప్పితే, "పాట ఉన్నదున్నట్టు కొట్టు" అని ఓనరు గదమాయించేవాడు. ఆ తిప్పుడు విని చెవులు రిక్కించింది తోటి బ్యాండువాళ్ళే. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో సైదాబాద్‌లోని అతని కిరాయి గదికి వచ్చి నేర్చుకునేవారు. అలా నలభై మంది దాకా తయారయ్యారు. వాళ్ళలో మహిపాల్ అంటే అంతయ్యకు ప్రాణం.

సకల జనుల సమ్మెలో, ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఊరేగింపు ముందు ఇద్దరూ వాయిస్తూ నడిచారు. లాఠీలు లేచాయి. జనం చెల్లాచెదురయ్యారు. ఎటునుంచో వచ్చిన రాయి అంతయ్య నోటికి తగిలి ముందు పళ్ళు నాలుగు రాలిపోయాయి. దవాఖానలో కట్టుడు పళ్ళు పెట్టారు గాని, ఊదితే గాలి పక్కలనుంచి పోయేది, స్వరం నిలిచేది కాదు. ఆరు నెలలు అలాగే ఊదాడు. చిగుళ్ళు నెత్తురోడాయి.

"ఇగ చాలు, ఇడిచిపెట్టయ్యా," అంది భార్య సైదమ్మ.

"పండ్లు పోయినయి గని చెవులు పోలే గదనే."

అప్పటి నుంచి నోటితో పాడి నేర్పాడు.

తెలంగాణ వచ్చిన రోజు మన్సూరాబాద్‌లో సభ పెట్టారు. మహిపాల్ అంతయ్య కట్టిన బాణీ వాయించాడు. జనం ఈలలు వేశారు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని మైకులో అడిగారు.

"నా అంతల నేనే నేర్చుకున్న సార్," అన్నాడు మహిపాల్.

మూడో వరసలో ఉన్న సైదమ్మ లేవబోయింది. అంతయ్య ఆమె మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు.

మర్నాడు మహిపాల్ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "స్టేజీ మీద మస్తు పెద్దోళ్ళుండిరి కాకా. పెండ్లిబ్యాండు కాడ నేర్చిన అని చెప్పనీకి సిగ్గయింది."

"రెండోసారి స్వరం పైకి పోయేటప్పుడు ఊపిరి జల్ది ఇడుస్తున్నవ్," అన్నాడు అంతయ్య. "ఏది, తియ్యి, సూద్దాం."

"ట్రంపెట్ తేలే కాకా."

"రేపు తెచ్చుకో."

మహిపాల్ రాలేదు. వారం పాటు అంతయ్య పొద్దున్నే తలుపు తీసుకుని కూర్చున్నాడు. ఆ చలికాలం నిమ్ము పట్టి దవాఖానలో పోయాడు. సైదమ్మ కబురు పంపితే పదకొండు మంది శిష్యులు వచ్చి శవం ముందు వాయిస్తూ నడిచారు. మహిపాల్‌కు ఆ రోజు వరంగల్‌లో కచేరీ ఉంది.