బంతి లాక్కున్న నాన్న

మ్యాచ్ మధ్యలో మా నాన్న గొడుగు పుచ్చుకుని నేరుగా మైదానంలోకి నడిచేసరికి నాకు మతిపోయింది. ఆయనకి డెబ్బై దాటింది. మా పద్నాలుగేళ్ల కూతురు బంతి విసరబోతోంది. అంపైర్ "అంకుల్, బాహర్!" అని బయటికి పొమ్మని కేకలేస్తున్నా నాన్న ఆగలేదు.

భిలాయ్‌లో బేస్‌బాల్ ఏటి అని నవ్వేవాళ్లు నాకు కొత్త కాదు. ఈ ఊళ్లో ఆడతాం. పిచ్చర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, ఆ ఆట మీదే నేను ఉద్యోగం తెచ్చుకున్నాను.

నాన్న పనిచేసింది ఇక్కడి స్టీలు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర. తర్వాతి షిఫ్ట్ మనిషి వచ్చి నిలబడితే తప్ప అక్కడ చోటు వదలకూడదు. రాకపోతే ఇంకో ఎనిమిది గంటలూ నువ్వే. ఇంట్లో నాకు అన్నంతోపాటు పెట్టింది ఆ మాటే.

అందుకే పదేళ్ల కిందట ఒక ఫైనల్లో నా కుడి మోచెయ్యి మండిపోతున్నా దిగనన్నాను. మారుస్తానని కోచ్ రెండుసార్లు వచ్చాడు. నా బదులు ఆడాల్సినవాడు బెంచీ మీద వణుకుతున్నాడు, వాణ్ణి నేను మనిషి కింద లెక్కెయ్యలేదు. గెలిచాం. అదే నా ఆఖరి మ్యాచ్. ఆపరేషన్ తర్వాత కూడా మోచెయ్యి సగమే మడత పడుతోంది. పొగరు, ఇంకేం కాదు.

ఇంత అనుభవించినవాణ్ణి, ఆ ఆదివారం పిల్ల మ్యాచ్‌లో నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పిల్ల మోచెయ్యి రుద్దుకుంటోంది. రెండో పిచ్చర్‌కి జ్వరం, రాలేదు. ఇంకెవరిచేతనైనా విసిరించనా అని వాళ్ల కోచ్ నన్నే అడిగాడు. అక్కర్లేదు, విసురుతుందన్నాను.

నాన్న దాని చేతిలోంచి బంతి లాక్కున్నాడు. నేను పరిగెత్తాను. అందరి ముందూ అరిచేశాను.

"ఏటి నాన్నా ఇది? మనిషి రాకుండా చోటు వదలకూడదని చెప్పింది నువ్వు కాదా?"

"చెప్పేను. పదేళ్లయి నువ్వు ఎడంచేత్తో స్పూను పట్టుకుని అన్నం తింతన్నావు. ఎదురుగా కూకుని రోజూ చూస్తన్నాను. దీన్ని కూడా అలా చూడమంటావేటి?"

పదేళ్లలో ఆయన ఆ స్పూను మాట ఎత్తనే లేదు. చూడటం లేదనుకున్నాను.

ఓడిపోయాం. మా ఇల్లున్న సుపేలా వరకూ ఆటోలో పిల్ల ఏడుస్తూనే ఉంది. జిందగీలో తాతతో మాట్లాడనంది, నన్నూ కలిపి తిట్టింది. ఆ కోపంలోనే రెండు చేతులూ తల వెనక్కి ఎత్తి, మోచేతులు పూర్తిగా మడిచి, విడిపోయిన జుట్టు గట్టిగా ముడేసుకుంది. నాన్న ఆ మోచేతులే చూస్తున్నాడు. నేనూ అవే చూస్తున్నాను.