క్యాప్స్ లాక్ మీద A

నా ల్యాప్‌టాప్‌ల A బటన్ పని చెయ్యది. దాని పక్కకున్న క్యాప్స్ లాక్ కొడితే A పడుతది. గట్ల తిప్పింది నేనే. కొత్తోళ్లు ఎవరన్న ఆ మెషీన్ ముంగట కూసుంటే రెండో పదానికే నన్ను తిడుతరు. తిట్టెతందుకు మాత్రం ఎవరున్నరు? ఈ ఇంటికి వచ్చేటోళ్లే లేరు.

నేను కరీంనగర్‌ల ఒక ప్రైవేటు కాలేజీల కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంట. పిల్లలు బటన్లు పీకుతరు, మేనేజ్‌మెంటు కొత్తయి ఇయ్యది, నడుమ నేను. ఒక బటన్ పోతే దాని పని ఇంకో పనిలేని బటన్‌కు అప్పజెప్పుడు నాకు చిటికెల పని. దానికో చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటది. ఈ బటన్ కొడితే ఆ అక్షరం పడాలె అని ఒక్కసారి చెప్తే చాలు, మనుషుల లెక్క ఎదురు మాట్లాడది. "ఈయన చెయ్యి పడితే చచ్చిన కంప్యూటర్ గూడ లేసి కూసుంటది" అని ప్రిన్సిపాల్ ఒకపారి అందరి ముంగట అన్నడు. గా మాట నా నెత్తికెక్కింది. ఎక్కిన మాట జల్ది దిగది గద, దిగలే.

మా ఇంటామెది ఆదిలాబాద్. మా పెండ్లయి అప్పటికి ఆరేండ్లు, పిల్లల్లేరు. ఆమెకు ఒక్కటే కోరిక ఉండె, సర్కారు ఆఫీసుల టైపిస్టు నౌకరి. పెండ్లికి ముందే టైపింగ్‌ల లోయర్, హయ్యర్ రెండూ పాసయింది. నౌకరి కోసం పెట్టే రాతపరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కింది. ఇగ మిగిలింది ఇంగ్లీషు టైపింగ్ పరీక్ష ఒక్కటే. ఇది పోతే మళ్ల నోటిఫికేషన్ వచ్చేనాటికి వయసు దాటిపోతది, అంటే ఇదే ఆఖరు మోక. ఆ సంగతి నాకు తెలుసు, ఇంటి ఓనరమ్మకు తెలుసు, పాలు పోసేటాయనకు గూడ తెలుసు. నౌకరి వస్తే ఎములాడ గుడిల రాజన్నకు కోడె కడతనని మొక్కుకున్నది.

పరీక్ష నాలుగు నెలలు ఉందనంగ దసరా వచ్చింది. మా దిక్కు దసరాకు ఎవని పనిముట్టుకు వాడు పూజ జేసుకుంటడు. ఆటో నడిపేటాయన ఆటోకు, దర్జీ మిషన్‌కు, నేను ల్యాప్‌టాప్‌కు. "మూత మీద ఇంత బొట్టు పెట్టు, చాలు" అన్నది ఆమె. వింటె నేనెందుకైత? "పని జేసేది మూతా, బటన్లా?" అని మూత తెరిచి, పసుపు తడిపి, మొదటి అక్షరం గదా అని A మీద మంచిగ దట్టంగ పెట్టిన. దాని మీద కుంకుమ. ఊదుబత్తీలు ముట్టిచ్చి దండం వెట్టుకున్న. కొబ్బరికాయ మాత్రం దూరం పోయి కొట్టిన, గంత తెలివి ఉండె.

జమ్మికి పోయి, అందరికి జమ్మి ఆకు చేతుల పెట్టి, ఇంటికొచ్చే వరకు పసుపు బటన్ సందులకు దిగి బిగుసుకున్నది. తడిబట్ట తీస్కొని తోమిన. తోమితే ఉన్న పానం గూడ పోయింది. ఇగ ఎంత ఒత్తినా A పడలే.

ఆమె కడుపు పట్టుకొని నవ్వింది. "మొక్కితే వరమిస్తడంటరు, నీకు అక్షరం గుంజుకున్నడు దేవుడు" అన్నది. అప్పుడు మా ఇంట్ల నవ్వులుండె.

పది నిమిషాలల్ల A ను తీసి క్యాప్స్ లాక్ మీదికి ఎక్కిచ్చిన. "ఎవ్వలకు పనికి రాకుండ ఊకె కూసుండే బటన్ అది. ఇగ పని జేస్తది సూడు" అన్న. ఆమె ఒక లైను కొట్టి చూసింది. సక్కగ పడ్డది. "నీ అసొంటోడు ఇంకోడు లేడయ్యా" అన్నది. నిజంగ మెచ్చుకున్నదో, ఎక్కిరిచ్చిందో, నేనైతే పొంగిపోయిన.

ఆ తెల్లారి నుంచి ఆమె ప్రాక్టీస్ మొదలుపెట్టింది. ఇన్‌స్టిట్యూట్‌కు పోత అంటే, "ఇంట్ల మనదే ఉండంగ బయటికెందుకు" అని నేనే వద్దన్న. పొద్దుగాల చాయ్ తాగి కూసుంటే నేను కాలేజీకి పోయేదాక టకటక ఒకటే చప్పుడు. టైపింగ్ అంటే బటన్లు చూడకుండ కొట్టుడు. కండ్లు కాయితం మీద ఉంటయ్, వేళ్లు వాటంతట అవే పోతయ్. ఎడమ చిటికెన వేలు A కోసం ఒక బటన్ పక్కకు జరుగుడు నేర్చుకున్నది. నెల తిరిగే వరకు దానికి అదే ఊరు అయింది.

గీ అలవాటు పరీక్ష హాల్ల ముంచుతదని ఆమె నాకు చెప్పలే అనుకునేరు. చెప్పింది. ఒకపారి మొదట్లనే చెప్పింది, చూద్దాం తియ్యి అన్న. మళ్ల పరీక్ష పది దినాలున్నదనంగ అన్నం పెట్టుకుంట అడిగింది.

"ఓ కీబోర్డు తేరాదు? హాల్ల గిట్ల ఉండది గదా."

"చెయ్యికి బుద్ధుంటది. ఆడికి పోతే అదే సర్దుకుంటది. నా పని మీద నమ్మకం లేదా ఏంది?"

"నీ పని మీద ఉంది. నా వేలు మీదనే లేదు."

"ఊకె పరేషాన్ గాకు. తిను."

కీబోర్డు తెచ్చుడు పెద్ద సంగతి గాదు. బస్టాండ్ ఎదురుంగ ఏ దుకాణంల అడిగినా ఇస్తరు. ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే అయిపోతది. గని అది తెస్తే నా జుగాడ్, నేను జేసిన ఉపాయం, ఓడిపోయినట్లని నాకు లోపట ఉండె. పెండ్లాం నౌకరి కన్న నా జుగాడ్ నాకు ఎక్కువైంది. గిది రాయాలంటె సిగ్గయితుంది, అయినా రాస్తున్న.

పరీక్ష నాడు బండి మీద నేనే తీస్కపోయిన. హాలు ఎదురుంగ చాయ్ డబ్బా ఉంటే ఆడ కూసున్న. అందరు బయటికొస్తున్నరు, ఈమె రాలే. అందరి కన్న ఎనుక వచ్చింది. దూరంకెల్లి నడక చూస్తేనే నాకు సమజయింది, అయినా "ఎట్లయింది?" అని అడిగిన.

"మొదటి లైన్లనే వేలు క్యాప్స్ మీదికి పోయింది. A పడలే. ఎనుక కొట్టినయన్నీ పెద్దక్షరాలైనయ్. మళ్ల A కాడ మళ్ల అదే. ఇగ ఆడికెల్లి వేలుకు భయం వట్టింది. A వచ్చిన ప్రతిసారి ఆగి, కిందికి చూసి కొట్టిన. సగం గూడ కాలే."

ఇంగ్లీషుల A లేకుండ ఒక లైను ఏడుంటది? అప్పుడు నేనేమనాలె? నీ తప్పు గాదే, నాదే, అనాలె. నేనన్నది ఏందో తెలుసా?

"హాల్ల మామూలు కీబోర్డు ఉంటదని తెల్వదా నీకు? జర చూసుకొని కొట్టద్దా?"

ఆ మాట ఈ నోట్లకెల్లే వచ్చింది. చేతుల చాయ్ గ్లాసు ఉన్నది, పక్కపొంటి మనుషులు ఉన్నరు. ఆమె నా మొఖం దిక్కు కొద్దిసేపు చూసింది. స్కార్ఫ్ కట్టుకొని బండెక్కి కూసున్నది. తొవ్వల స్పీడ్ బ్రేకర్ వస్తే ఎప్పటి లెక్క నా భుజం పట్టుకోలే, ఎనుక ఇనుప కడ్డీ పట్టుకున్నది. అది నా భుజానికి తెలిసింది.

ఫలితాలల్ల ఆమె నంబర్ లేదు. ఉండదని ఇద్దరికి తెలుసు, అయినా ఇద్దరం చూసినం. ఆ తర్వాత ఇంట్ల వంట ఆగలే, బట్టలు ఆగలే, మాటే ఆగింది. ఉప్పు అయిపోయింది, గ్యాస్ బుక్ చెయ్యి, గింతనే. తిడితే బాగుండు అనుకున్న. తిట్టేటి మనిషి ఇంట్ల ఉన్నట్లు లెక్క. తప్పైందనే మాట దినాం గొంతు దాక వచ్చేది, మింగేది. ఒకనాడు ఆ మాట బదులు కొత్త కీబోర్డు తెచ్చి బల్ల మీద పెట్టిన. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్లు. ఆమె డబ్బా మీది దుమ్ము తుడిచి, విప్పకుండనే అల్మారా మీద పెట్టింది.

ఎండకాలంల వాళ్లక్కకు ఆపరేషన్ అయితే ఆదిలాబాద్ పోయింది. పదిహేను దినాలల్ల వస్త అన్నది. పదిహేను దినాలు పోయి నెలైంది, నెల పోయి రెండు నెలలైంది. అక్క లేసి తిరుగుడు మొదలుపెట్టినంక గూడ రాలే. ఆడనే ఒక ఆన్‌లైన్ సెంటర్ల కూసుంటున్న అని ఫోన్‌ల చెప్పింది. రైతులకు, సదువుకునే పిల్లలకు దరఖాస్తులు కొట్టిచ్చే పని. రమ్మని నేననలే, వస్తనని ఆమె అనలే. "తిన్నవా?" "తిన్న." "వాన వడుతుందా?" "వడుతుంది." ఇగ పెట్టేసుడే. ఫోన్ పెట్టినంక గూడ చెవికాడ నుంచి తియ్యబుద్ది కాకపోయేది.

ఒక్కనికి వండుకునుడు నాకు ఇప్పటికి రాలే. గిద్దెడు పోసినా ఇద్దరి అన్నమే అయితది. పొద్దుగాల చాయ్ తాగుతుంటే ఇల్లంత ఊకె ఉంటది. ఆ టకటక మీద ఒకప్పుడు చిరాకు పడ్డోణ్ని, చెవులు దానికే ఎదురు చూస్తయ్.

ఆమె ప్రాక్టీస్ చేసిన ఫైళ్లు ల్యాప్‌టాప్‌ల వందల కొద్ది ఉన్నయ్. ఆదివారాలు ఒక్కొక్కటి తెరిచి చదువుత. రైల్వే గురించి ఒక పేరా, పంటల గురించి ఒక పేరా, గదే పేరా మళ్ల మళ్ల. కింద ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకున్నది. గన్ని కాయితాలల్ల ఆమె సొంత మాట ఒక్కటన్న దొరుకుతదేమో అని వెతికిన. ఒక్కటి లేదు. అన్నీ ఎవలయో పుస్తకాలల్ల మాటలు.

క్యాప్స్ లాక్‌కు మళ్ల దాని పని అప్పజెప్పుడు నిమిషం పని. A కొట్టెతందుకు కొత్త కీబోర్డు గూడ అల్మారా మీద ఉన్నది. నేను చెయ్యలే. రేపు ఆమె వచ్చి కూసుంటే, వేలుకు A విడిచిపోయిన కాడనే దొరకాలె అనుకున్న. దాంతోని నా వేలు గూడ ఖరాబయింది. కాలేజీల హాజరు ఎక్కిస్తుంటే క్యాప్స్ మీదికి పోయి పేర్లన్నీ పెద్దక్షరాలల్ల పడుతయ్. "సార్, కంప్యూటర్ మీద అరుస్తున్నరా?" అని పిల్లలు నవ్వుతరు. నేను గూడ నవ్వుత, ఇంకేం జెయ్యాలె?

ఆమె పోయినంక రెండో వానకాలంల ఒక శనివారం ఇగ ఉండబుద్ది కాలే. రెండు దినాల బట్టలు సంచిల పెట్టుకొని ఆదిలాబాద్ బస్సెక్కిన. జగిత్యాల దాటినకాడికెల్లి ఆ మాట లోపటనే అనుకుంట పోయిన. నిర్మల్ వచ్చే వరకు నోటికి వచ్చింది. ఇదన్న సక్కగ అనాలె అనుకున్న.

ఆమె సెంటర్ రోడ్డు మీదనే ఒక్క షటర్. ముంగట పాస్‌బుక్కులు పట్టుకొని ముగ్గురు రైతులు నిలబడ్డరు. ఆమె నన్ను చూసింది, బెదరలే, సంబురపడలే. "వచ్చినవా? కూసో" అన్నది. పక్క బెంచి మీద కూసున్న. కూసుంటే ఆమె చేతులు కనవడ్డయ్. కండ్లు కాయితం మీద, వేళ్లు వాటంతట అవే. ఎడమ చిటికెన వేలు దిక్కే చూసిన. A వచ్చిన ప్రతిసారి A మీదనే పడ్డది. ఒక్కపారి గూడ పక్కకు పోలే. నేను అన్ని దినాలు ఏ వేలు కోసమైతే A ను ఆడ ఉంచిన్నో, ఆ వేలు ఎన్నడో ఆ జాగ మరిచింది.

రైతులు జిరాక్స్ కోసం పక్క దుకాణానికి పోయినప్పుడు చెప్పిన. "తప్పు నాది. నువ్వు అడిగినా కీబోర్డు తేలే. హాలు బయట గా మాట అన్న. అది ఇంకా పెద్ద తప్పు."

ఆమె చేతులు ఆగినయ్. "గీ మాటకు ఏడాదిన్నర వట్టిందా నీకు?" అన్నది. గొంతుల కోపం లేదు. ఉంటే నాకు ధైర్యమొస్తుండె. మళ్ల కీబోర్డు దిక్కు తిరిగి "జాఊ దే" అన్నది. పోనియ్యి అని. ఆదిలాబాద్‌ల మరాఠీ రానోళ్లు గూడ అనే మాట. పోనియ్యి అన్నదంటే మాఫ్ చేసిందని నా పానం లేసొచ్చింది. చాయ్ చెప్పింది, తాగిన. రైతులు మళ్లొచ్చిండ్రు. ఆమె వాళ్ల కాయితం అందుకుంట నన్ను అడిగింది.

"తిరుగు బస్సు ఎన్నింటికి?"

సంచిని కాలుతోని మెల్లగ బెంచి కిందికి నూకిన.

"మూడింటికి ఉన్నదట" అన్న. బస్సు గురించి నేను ఎవ్వలను అడగలే.

"అయితే జల్ది పో, శనివారం సీటు దొరుకది" అన్నది. అని, ముంగటి రైతు దిక్కు తిరిగి, "నీ పేరు చెప్పు కాకా" అన్నది.